ఎన్మిది సార్లు చెప్పిన

మధురానగర్,
గురువారం, మౌనం మూడో రోజు

బావకు,

ఒకే ఇంట్లో ఉంటూ మొగుడికి ఉత్తరం రాసే ఆడదాన్ని ఈ హైదరాబాద్ మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఏం చేయను? మూడు రోజులుగా నా నోటికి తాళం పడింది. పోనీ వాట్సాప్‌లో రాద్దామంటే నువ్వు బొటనవేలి బొమ్మ పంపుతావు. నిన్న "గొంతు మంటగా ఉంది, ముద్ద దిగడం లేదు" అని పెట్టినా బొటనవేలే వచ్చింది. అందుకే ఈ కాగితం. నీ టిఫిన్ డబ్బా మూత కింద మడిచి పెడుతున్నాను. ఆకలేస్తే మూత తీస్తావు, తీస్తే చదవక తప్పదు.

డాక్టర్ ఏమన్నాడో ముందు నీకు సరిగ్గా చెప్పాలి. ఆ రోజు నువ్వు రాలేదు కదా, డబ్బింగ్ థియేటర్లో మిక్సింగ్ ఉందన్నావు. నా గొంతులో రెండు చిన్న కాయలున్నాయట. బరువులెత్తేవాళ్ల అరచేతులు కాయలు కాస్తాయి చూడు, అరిచేవాళ్ల గొంతు కూడా అలాగే కాస్తుందట. ఇరవై ఒక్క రోజులు నోరు విప్పకూడదు. గుసగుసలు కూడా వద్దన్నాడు. ఆ తర్వాత కూడా ఇలాగే అరిస్తే ఆపరేషన్ చేయాల్సి వస్తుందని, అప్పుడు గొంతు ఇదివరకటిలా ఉంటుందో లేదో తను చెప్పలేనని అన్నాడు. నేను బయటికొచ్చి స్కూటీ మీద కూర్చుని పది నిమిషాలు ఏడ్చాను. చప్పుడు లేకుండా ఏడవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

ఇంట్లో అత్త సంగతి వేరే. నా గొంతు పోయిందంటే చెవులు కూడా పోయాయనుకుంది. నా పక్కనే నిలబడి వీధి చివరికి వినబడేలా, "పద్దూ! పప్పుల ఉప్పేసినవా? ఉప్పూ! ఉప్పూ!" అని గాల్లో చేత్తో చల్లి మరీ చూపిస్తుంది. నేను తల ఊపితే, "పాపం, పిల్లకేం సమజైతలేదు" అని పక్కింటావిడకు చెబుతుంది. సొంత మేనత్త కాకపోతే ఏమనేదాన్నో. అనడానికి గొంతైనా లేదు.

నా పని ఏమిటో నీకు తెలుసనుకుంటావు. తెలియదు. జూబ్లీహిల్స్‌లో ఆ ఫిట్‌నెస్ స్టూడియోకి నాలుగేళ్లుగా వెళుతున్నాను, నువ్వొక్కసారి మెట్లెక్కి చూడలేదు. పొద్దున ఆరింటి బ్యాచ్‌లో ఇరవై నాలుగు మంది. నలభై సెకన్లు ఊపిరాడనంతగా చేయాలి, ఇరవై సెకన్లు ఆగాలి, మళ్లీ మొదలు. స్క్వాట్లంటే గుంజీలే, బర్పీలంటే నేల మీద పడి లేచి గెంతడం, కెటిల్‌బెల్‌లంటే పిడి ఉన్న ఇనప గుండ్లు, ఇంకా నేలకేసి కొట్టే బరువు తాళ్లు. చివర్లో జట్ల ఆట. జట్టులో ఒకరు బరువు బంతి పట్టుకుని స్క్వాట్లు తీస్తుంటే మిగిలినవాళ్లు మోచేతుల మీద పలకలా బిగిసి ఉంటారు. నా లెక్క పూర్తి కాగానే బంతి చేతులు మారుతుంది. పాట చెవులు పగిలేలా మోగుతుంటే దాని పైన నా లెక్క వినబడాలి. మా ఓనర్ స్ఫూర్తి "మైకు పెట్టుకోండి అక్కా" అని ఎన్నిసార్లో అడిగింది. వద్దన్నాను. ఎందుకన్నానో ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. పద్నాలుగేళ్లు సినిమాల్లో గ్రూప్ డాన్సర్‌గా మూడో వరసలో ఎగిరాను. హీరో భుజం వెనక నా మోచెయ్యి, హీరోయిన్ పావడా పక్కన నా చీలమండ, తెర మీద నా బతుకంతా అంతే. ఈ క్లాసులోనే మొదటిసారి అందరికీ ముందు నిలబడ్డాను. నేను "ఒకటీ" అంటే ఇరవై నాలుగు ఒళ్లు లేచాయి బావా. ఆ గొంతుకు మైకు అరువు తెచ్చుకోవడం నామోషీ అనిపించింది. బుద్ధిలేనితనమే, ఒప్పుకుంటాను.

ఇప్పుడు అసలు మాట. ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లో నీ చెవి గురించి కథలు చెప్పుకుంటారు. హీరోయిన్‌కి గొంతిచ్చే అమ్మాయి కడుపులో ఆకలికి గుర్రుమంటే అద్దం ఇవతలినుంచి పట్టేసి, "జర తినొచ్చి చెప్పమ్మా" అంటావట. గాజులు కదిలినా, ఉమ్మి మింగినా "వన్ మోర్" అంటావట. మరి నీ ఇంట్లో, నీ పక్క మంచం మీద, నీ పెళ్లాం గొంతు నెలల తరబడి గరగరలాడి, బొంగురుపోయి, సాయంత్రమయ్యేసరికి సగం మాటలు మింగేస్తుంటే నీకు వినబడలేదా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. చెవిటివాడైతే నాకు బాధ లేకపోయేది.

ఇంకొక సంగతి. ఈ నెల మూడో ఆదివారం మూడు స్టూడియోల మధ్య జట్ల పోటీ ఉంది. నా బ్యాచ్‌ను నేనే ఆడించాలి. స్ఫూర్తి మెత్తగానే చెప్పింది, "మీరు రెస్ట్ తీసుకోండి అక్కా, ఆ రోజుకి మీకు కుదరకపోతే కోకాపేట నుంచి కొత్త కోచ్ వస్తుంది, బ్యాచ్ ఆవిడే చూసుకుంటుంది" అని. ఆ రోజుకే కాదు, ఆ తర్వాత కూడా ఆవిడే చూసుకుంటుందని నాకు అర్థమైంది. అప్పటిదాకా ఈలతోనూ చేతులతోనూ నెట్టుకొస్తానని రాసి చూపించాను. ఈల చూసి అందరూ నన్ను ట్రాఫిక్ కానిస్టేబుల్ అంటున్నారు.

పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేశాను. కోపం వేరు, అన్నం వేరు.

ఇట్లు,
మూగదైన నీ మరదలు
పద్మప్రియ


మధురానగర్,
శుక్రవారం, మౌనం పదకొండో రోజు

కమలాకర్ బావకు,

బావా అని పిలవాలనిపించలేదు. పేరు పెట్టి రాద్దామంటే చెయ్యి రాలేదు. అందుకే రెండూ రాశాను.

నా ఉత్తరం చదివి నువ్వేదో చేస్తావనుకున్నాను. చేశావు. నిన్న పొద్దున స్కూటీ దగ్గరకొచ్చి నా చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టి, "గిది స్పీకర్‌ల పెట్టు, నువ్వు నోరు తెరిచే పనే లేదు" అన్నావు. నా మొగుడు నా కోసం ఏదో తయారుచేశాడని, ఎర్రబడ్డ మొహంతో మధురానగర్ నుంచి జూబ్లీహిల్స్ దాకా ఎగురుకుంటూ వెళ్లాను. నలభై ఒక్క ఏళ్ల ఆడదాన్ని, సిగ్గులేకపోతే సరి.

పాట మొదలైంది. పాట మీద తేనె పూసినట్టు ఒక అమ్మాయి గొంతు. "హలో ఫ్రెండ్స్, ఈ రోజు చాలా ఉత్సాహంగా ఉన్నారు కదూ!" నేను కెటిల్‌బెల్ ఎత్తి నిలబడ్డాను, నా నోరు మూసి ఉంది, గొంతు మాత్రం గది నిండా మోగుతోంది. ముందు వరసలో ఉన్న వెంకటరామయ్య గారికి అరవై మూడేళ్లు, సినిమాలు తీసే మనిషి. ఆయన వెంటనే గుర్తుపట్టేశారు. "ఏంటమ్మా పద్మప్రియా, నీకు వందన డబ్బింగ్ చెబుతోందేంటి? పోయినేడు నా సినిమాలో హీరోయిన్‌కి చెప్పింది ఈ అమ్మాయేనండీ!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకేం చేయను?

తర్వాత జరిగింది విను. డాన్సర్లకు లెక్క ఎనిమిది వరకే. ఒకటి నుంచి ఎనిమిది, మళ్లీ ఒకటి. పద్నాలుగేళ్లు అదే లెక్కలో బతికినదాన్ని, తొమ్మిది అనే అంకె నా నోటికి రాదు. కాబట్టి నా క్లాసులో అన్నీ ఎనిమిదే. ఎనిమిది స్క్వాట్లు, ఎనిమిది బర్పీలు, ఎనిమిది కాగానే బంతి మారాలి. మిగతా కోచ్‌లు వేళాకోళం చేసినా నా బ్యాచ్‌కి అది ఒంట్లో ఇంకిపోయింది. వందనకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ప్రపంచమంతా పది లెక్కపెడుతుంది కాబట్టి తనూ పది చెప్పింది. ఎనిమిది అనగానే స్క్వాట్లు తీస్తున్నవాళ్లు అలవాటుగా బంతి విసిరేశారు. బిగిసి పడుకున్నవాళ్లలో సగం మంది లేచారు, సగం మంది "తొమ్మిదీ" అని వినబడేసరికి మళ్లీ పడుకున్నారు. ఒక బంతి వెళ్లి వెంకటరామయ్య గారి నీళ్ల సీసా మీద పడి అది పగిలింది. నీళ్లలో ఇద్దరు జారారు. అంత గోలలోనూ ఆ తేనె గొంతు, "అద్భుతం ఫ్రెండ్స్, ఇలాగే కొనసాగించండి!" అంటూనే ఉంది. దాన్ని ఆపడానికి మీట ఎక్కడుందో నాకు తెలియదు. అరిచి అడగడానికి వీల్లేదు. ప్లగ్ పీకేశాను.

వందన మీద నాకు కోపం లేదు. మంచి పిల్ల, పనిమంతురాలు. కోపం నీ మీద. సాయంత్రం కాగితం మీద "ఎందుకు చేశావు" అని రాసి చూపిస్తే, "గొంతు బాగలేనోళ్లకు డబ్బింగ్ చెప్పిస్తం, దాంట్ల తప్పేమున్నది?" అన్నావు. నిజంగా నీకు తప్పు కనబడలేదు. నా ఒంటికి ఇంకొకరి గొంతు అతికించడం నీకు రోజూ చేసే పని. ఆ అమ్మాయిని పిలిచి, రాసిచ్చి, చెప్పించి, శుభ్రం చేసి, ఇంత శ్రమ పడ్డావు, "పద్దూ, నీ లెక్క ఎట్లుంటది?" అని ఒక్క మాట నన్ను అడగలేదు. ఎనిమిదేళ్ల కింద వాన పాట రిహార్సల్లో నా మోకాలు మెలి తిరిగినప్పుడూ ఇంతే. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, "ఇగ సాలు, డాన్స్ బందు పెట్టు" అన్నావు. అప్పుడూ నన్ను అడగలేదు. అప్పుడు నా కాళ్లు పోయాయి, ఇప్పుడు నా గొంతు పోయింది. రెండుసార్లూ నువ్వు పక్కనే ఉన్నావు, రెండుసార్లూ నిర్ణయం నీదే.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, క్లాసు అయ్యాక స్ఫూర్తి నా భుజం మీద చెయ్యి వేసి, "అక్కా, కోకాపేట ఆవిణ్ని పోటీ మర్నాడు సోమవారం నుంచి రమ్మందామా?" అంది. ఆ "రమ్మందామా" లో "దామా" వట్టి మర్యాదకే.

నిర్ణయం తీసుకున్నాను. వాళ్లు పొమ్మనకముందే నేనే పోతాను. రాజీనామా కాగితం రాసి బ్యాగులో పెట్టుకున్నాను. వచ్చే వారం ఆదివారం పోటీకి వెళ్లి, నా పిల్లల్ని, అదే నా బ్యాచ్‌ని, ఒకసారి చూసుకుని ఆ కాగితం స్ఫూర్తి చేతిలో పెట్టి వస్తాను. దీనికి నీ అనుమతి అడగడం లేదు. చెబుతున్నాను, అంతే. అత్తకు నువ్వే చెప్పు. నేను రాసి చూపిస్తే మొక్కు చీటీ అనుకుని చదవకుండా దీపం దగ్గర పెట్టి దండం పెడుతోంది.

ఇవాళ డబ్బాలో పచ్చిపులుసు ఉంది. దానికి వేరే అర్థాలు తీయకు, చింతపండు మిగిలింది.

పద్మప్రియ


మధురానగర్,
సోమవారం, మౌనం ఇరవై ఒకటో రోజు

ప్రియమైన బావా,

నిన్న జరిగింది నువ్వూ చూశావు. అయినా నా వైపు నుంచి చెప్పాలి. నా వైపు నుంచి నువ్వు చూడలేదు కదా.

ఫిల్మ్‌నగర్‌లో షూటింగులకు కిరాయికిచ్చే ఫ్లోర్‌లో పోటీ. లోపల అడుగుపెడితే పాత సెట్ల రంగు వాసన. మూడు జట్లవాళ్లు, వాళ్ల కోచ్‌లు, చూడ్డానికొచ్చిన వాళ్ల ఇళ్లవాళ్లు. నా బ్యాచ్ ఒక మూల నిలబడి మోకాళ్లకు పట్టీలు బిగించుకుంటోంది. నా బ్యాగులో కాగితం. స్ఫూర్తి కోసం వెతుకుతుంటే, స్పీకర్ల పక్కన ఇనప కుర్చీలో, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని నువ్వు! ఆదివారం పూట తొమ్మిదింటిదాకా దుప్పటి తీయని మనిషి ఆరున్నరకే అక్కడ. నాకు మండిపోయింది. మళ్లీ ఎవరి గొంతు తెచ్చాడో అనుకున్నాను. మీద పడి లాప్‌టాప్ మూసేద్దామని వస్తుంటే మా జట్టు వంతని ఈల వేసేశారు.

"ఒకటి!"

ఆ "ఒకటి" ఎంత కోపంగా ఉందంటే నేను ఉన్నచోటే ఆగిపోయాను. అది నా గొంతు. కానీ నేనెప్పుడూ క్లాసులో అలా అనలేదు. "రెండు!" అనేసరికి గుర్తొచ్చింది. అది "రెండు పాకెట్లు పాలు తెమ్మంటె పెరుగు తెస్తివి" లోని రెండు. మూడు, "మూడు ఫోన్లు చేసిన, ఎత్తవేంది" లోది. నాలుగు, "నాలుగు రోజుల సంది గీజర్ ఖరాబైంది". అయిదు నిమిషాలల్ల వస్తనంటివి, ఆరు గంటలకే లేచిన, ఏడు కొట్టింది. వాట్సాప్‌లో ఇన్నేళ్లుగా నీకు వాయిస్ మెసేజ్‌లుగా పంపిన నా తిట్లన్నీ! నేను తిట్టి మరిచిపోయాను, నువ్వు ఒక్కటీ చెరిపేయలేదు. వాటిలోంచి అంకెలు ఏరి, కోసి, వరసగా పేర్చి, ఎనిమిది దాకా, ఎనిమిది దాకానే, నా లెక్క కట్టావు. ఆ చివరిది మరీ ఘోరం. "ఎన్మిది సార్లు చెప్పిన!" అని మొత్తం వాక్యం అలాగే ఉంచేశావు. మూడువందల మంది ముందు నా ఇంటి గొడవ!

కానీ బావా, నా బ్యాచ్ ఒక్కరూ తడబడలేదు. "ఎన్మిది సార్లు చెప్పిన" అని వినబడగానే బంతి చేతులు మారింది. రెండో చుట్టుకి వాళ్లే స్పీకర్‌తో పాటు అరవడం మొదలుపెట్టారు, "ఎన్మిది సార్లు చెప్పిన!" అని. తెలుగు సరిగ్గా పలకని జూబ్లీహిల్స్ పిల్లలు కూడా. వెంకటరామయ్య గారు చివరి స్క్వాట్‌లో వణికిపోతూ, "చెప్పావమ్మా, వింటున్నాను!" అని కేక పెట్టారు. నేను ఎప్పుడు వాళ్ల ముందుకు వెళ్లానో నాకే తెలియదు. చేతులు వాటంతటవే లెక్క వేస్తున్నాయి. రెండో స్థానం వచ్చింది. మొదటిది రాలేదని నాకు కొంచెం కూడా బాధ లేదు, అబద్ధం, కొంచెం ఉంది.

తర్వాత ఫ్లోర్ వెనక మెట్ల మీద నువ్వు నా పక్కన కూర్చున్నావు. జేబులోంచి కాగితం తీసి, "ఆ ఒక్క మాట ఎందుకు కోయలేదు" అని రాసి చూపించాను. "కోస్తె ఊపిరి తెగుతది, నువ్వు నువ్వులెక్క వినబడవు" అన్నావు. "దసరాకు ముందటివే పెట్టిన. దసరా అయినంక మూడో దినం సంది నీ గొంతుల జీరున్నది. తర్వాతవి పనికిరావు" అన్నావు.

అంటే విన్నావు! మూడో రోజు అని తేదీతో సహా విన్నావు. డాక్టర్ కంటే, నాకంటే ముందే. పెన్ను కాగితం చిరిగేలా "మరి చెప్పలేదేం" అని రాశాను. నువ్వు లాప్‌టాప్ మూసి పక్కన పెట్టావు. "ఒక్కపారి బందు పెట్టమన్నందుకే ఎనిమిదేండ్ల సంది నీ తిట్లు ఇంటున్న పద్దూ. నువ్వు డాన్స్ లేకుంట ఎట్లున్నవో నేను చూసిన. గోడకు మొకం పెట్టి పండుకునేదానివి. మల్ల నా నోటితోనే గా మాట అనాల్నంటె భయమైంది. నీ అంతట నీకు ఎరుకైతదేమోనని చూసిన. తప్పైంది" అన్నావు.

మామూలుగా అయితే "భయమైంది" దగ్గరే నేను అందుకునేదాన్ని. ఎవరికి భయం, దేనికి భయం, నేనేమన్నా పులినా అని పది మాటలు అనేసేదాన్ని. నువ్వు ఆ "తప్పైంది" దాకా వచ్చేవాడివే కాదు. పదిహేడేళ్ల కాపురంలో నువ్వు ఒక విషయం గురించి ఆగకుండా అన్ని మాటలు చెప్పడం నేను నిన్ననే విన్నాను. ఇంతకు ముందు నువ్వు చెప్పలేదా, నేను చెప్పనివ్వలేదా అని రాత్రంతా అదే ఆలోచన. సమాధానం నాకు నచ్చలేదు.

అయినా నా కోపం పోలేదు, పోయిందనుకోకు. వినకపోవడం ఒక తప్పు, విని ఊరుకోవడం ఇంకా పెద్ద తప్పు. నేను తిట్టినా, గోడకు తిరిగినా, చెప్పాల్సింది చెప్పాలి. నా గొంతు నాకంటే నీకు బాగా తెలిసినప్పుడు ఊరుకునే హక్కు నీకు లేదు. ఇది నేను జీవితాంతం దెప్పుతాను, సిద్ధంగా ఉండు.

ఇక పని సంగతి. నిన్న అక్కడే రాజీనామా కాగితం వెనక వైపు "గొంతు రాగానే మైకు కావాలి" అని రాసి స్ఫూర్తికి ఇచ్చాను. తను ముందు వైపు కూడా చదివింది. చదివి రెండు ముక్కలు చేసి, "అక్కా, కోకాపేట ఆవిడ సాయంత్రం బ్యాచ్ చూసుకుంటుంది. ఆరింటి బ్యాచ్ మీరు లేకుండా నడవదు, ఇందాకే అందరూ నా మీద పడ్డారు" అంది. గొంతు పూర్తిగా బాగయ్యేదాకా నువ్వు కట్టిన లెక్కే మోగుతుంది. నేను ముందు నిలబడి చేయిస్తాను.

చివరి మాట. ఇవాళ పొద్దున డాక్టర్ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లొచ్చాను. కాయలు తగ్గాయట. రేపటినుంచి మెల్లగా మాట్లాడొచ్చన్నాడు. అత్తకు చెప్పలేదు, ఇంకెవరికీ చెప్పలేదు. నీకు ఈ ఉత్తరంలోనే చెబుతున్నాను. కానీ నేను ఇంకో వారం నోరు విప్పను. నిన్న మెట్ల మీద నువ్వు "ఇంకొకటి చెప్పాలె పద్దూ" అని మొదలుపెట్టావు, ఇంతలో స్ఫూర్తి కప్పు పట్టుకుని వచ్చేసింది. ఆ ఇంకొకటి ఏమిటో ఇవాళ ఇంటికొచ్చి చెప్పు. ఎంతసేపైనా చెప్పు. నేను అడ్డం రాను.

నీ
పద్దు